వేట బందులో మా బోటు ఇంజన్ పని

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్. ఏప్రిల్ పద్నాలుగు అర్ధరాత్రి లోపు మరబోట్లన్నీ రేవు చేరాలి. ఆ రోజు సాయంత్రం విశాఖ హార్బరు ఇంకా గంట దూరం ఉందనగా, వెనకనుంచి వచ్చిన మూడు బోట్లు మమ్మల్ని దాటిపోయాయి. మూడోది మా బోటుకంటే పాతది. దాని మీది కలాసీ కుర్రాడొకడు తాడు పైకెత్తి ఊపాడు, కట్టి లాక్కుపోమంటారా అన్నట్టు. మా డ్రైవరు మావయ్య చూడనట్టే ముఖం తిప్పుకున్నాడు. నేను మాత్రం ఆ తాడును మర్చిపోలేదు.

నేను మెకానికల్ డిప్లొమా చేసి, రెండేళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసి, అది మానేసి నాన్న బోటు లెక్కలు చూస్తున్నాను. మాది 43 అడుగుల చెక్క బోటు. లోపల ఆరు సిలిండర్ల లారీ ఇంజన్‌ని బోటుకు తగ్గట్టు మార్చి పెట్టారు, వెనక ఇంజన్ మూడు చుట్లకి షాఫ్టు ఒక చుట్టు తిరిగేలా మూడుకి ఒకటి గేర్‌బాక్సు. కాగితం మీద అది 2,000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 100 హార్స్‌పవర్. మా దగ్గర లీవరు మొత్తం తోసినా ముల్లు 1,550 దాటేది కాదు. జీపీఎస్‌లో 6.1 నాట్లు, అంటే గంటకు పదకొండు కిలోమీటర్ల చిల్లర. బీచ్ రోడ్డులో సైకిలు తొక్కేవాళ్ళు మాకంటే నయం.

వేగం ఎందుకని మీరడగొచ్చు. పది పన్నెండు రోజులు వేటాడి, 60 నాటికల్ మైళ్ళ అవతలనుంచి తిరిగొచ్చేటప్పుడు 6.1 నాట్లకు దాదాపు పది గంటలు పడుతుంది. ఏడున్నర పైన పోతే ఎనిమిది గంటల లోపే. తెల్లవారుజామున వేలంపాటకి ముందొచ్చిన బోటు చేపకు ఒక రేటు, జెట్టీ నిండిపోయాక వచ్చిన బోటుకు ఇంకో రేటు. ఐస్ కరిగే లెక్క వేరే. తుఫాను హెచ్చరిక వచ్చినప్పటి టెన్షన్ అయితే రూపాయల్లో చెప్పలేను.

సరే, రెండు నెలలూ బోటు కట్టేసే ఉంటుంది కదా, ఇంజన్ విప్పేద్దాం అన్నాను. నాన్న ఒప్పుకున్నాడు. అసలు గొడవ ఎంత పని చెయ్యాలన్న దగ్గర వచ్చింది. నా ప్లాన్ పెద్దది. టర్బో పెడదాం, డీజిల్ పెంచుదాం, 130 హార్స్‌పవర్ తీద్దాం అని ఫోన్‌లో వీడియోలు చూసి తయారుగా ఉన్నాను.

ఇంజన్ మేస్త్రి వినేసి చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీశాడు. అదే జేబులో సందులు కొలిచే ఇనుప రేకుల ఫీలర్ గేజ్ కూడా ఉంటుంది. కళ్ళజోడు అద్దాల మీద గీతలన్నీ దాని పుణ్యమే.

"టర్బో పెడితే గాలెక్కువ, గాలెక్కువైతే డీజిలెక్కువ కాలుద్ది. బాగానే ఉంది. ఆ వేడెక్కడికి పోద్ది బాబూ? పిస్టన్ నెత్తి మీదికే. టర్బో ఇంజన్‌కి పిస్టన్ అడుగునుంచి ఆయిల్ జిమ్మే జెట్లుంటాయి. దీనికున్నాయేటి?"

లేవు. కంప్రెషన్ కూడా టర్బోకి సరిపడేది కాదు. "ముందు ఉన్న వంద గుర్రాలూ ఉన్నాయో నేదో లెక్కెట్టు" అన్నాడు.

లెక్కపెట్టాం. సిలిండర్లలో గాలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే ఒకటి, రెండు సిలిండర్లు 370 దాకా చూపించాయి. నాలుగు 290. అయిదు, ఆరు 260 దగ్గరే ఆగిపోయాయి. ఆయిల్ రోజుకు రెండు లీటర్లు ఎందుకు తాగుతోందో, బ్రీదర్‌లోంచి పొగ రైలింజనులా ఎందుకు వస్తోందో అప్పటికి తెలిసింది.

హెడ్ విప్పి, చైన్ బ్లాకుతో ఇంజన్ పైకి లేపి షెడ్డుకి చేర్చడానికే నాలుగు రోజులు పట్టింది. తర్వాత మూడు రోజులు మేస్త్రి వాళ్ళ చెల్లెలి కూతురి పెళ్ళి. బంద్ రోజుల్లో హార్బరులో పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు, మగాళ్ళందరూ ఒడ్డున దొరికేది అప్పుడే కాబట్టి.

లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే సిలిండరు గొట్టాలు, లాగినప్పుడు చూసింది మాత్రం ఇప్పటికీ కళ్ళముందుంది. మాది నేరుగా సముద్రపు నీటితో చల్లబడే ఇంజన్. ముందువైపు సిలిండర్ల చుట్టూ బ్లాకు లోపలి గోడ కనిపిస్తోంది. వెనక్కి పోయేకొద్దీ అది కనిపించడం మానేసింది. అయిదు, ఆరు చుట్టూ తెల్లగా, మధ్యమధ్య తుప్పు రంగుతో, గట్టిపడిన ఉప్పు పేరుకుపోయి ఉంది. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొడితే పెచ్చులుగా ఊడింది. ఒక పెచ్చు చేతిలోకి తీసుకుంటే నా చిటికెన వేలంత మందం. నీళ్ళు పారాల్సిన చోట ఇదుంటే వేడి బయటికి ఎలా పోతుంది? సముద్రపు నీరు యాభై అయిదు డిగ్రీలు దాటితే ఉప్పు వదలడం మొదలుపెడుతుంది. అందుకని ఇంజన్‌ని చల్లగానే నడిపితే లైనర్లు త్వరగా అరుగుతాయి. రెండు రకాలుగానూ నష్టమే.

లైనరు పైభాగంలో, రింగు ఆగి వెనక్కి తిరిగే చోట, గోరు పెట్టి పైకి లాగితే గట్టు తగిలింది. మేస్త్రి గోరు, నా గోరు, చివరికి నాన్న గోరు. "అంతరిగిందా" అన్నాడు నాన్న, అంతే.

అక్కడ నా టర్బో డబ్బులు దారి మళ్ళాయి. ఆ ఖర్చుతో హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టించుకున్నాం. ఇంజన్ లోపల మంచినీళ్ళు, కూలెంట్ తిరుగుతాయి, సముద్రపు నీరు బయట గొట్టాల్లోనే తిరిగి ఆ మంచినీళ్ళను చల్లబరుస్తుంది. దాంట్లో జింకు ముక్కలుంటాయి, ఉప్పునీటి తుప్పు గొట్టాలను వదిలి ముందు వాటిని తింటుంది. అవి అరిగినప్పుడల్లా మార్చుకోవాలి. ఇక ఇంజన్ 80 డిగ్రీల దగ్గర నిశ్చింతగా నడవొచ్చు.

క్రాంకు లేత్ షాపుకి వెళ్ళింది. మురికి ఆయిల్‌తో జర్నల్స్ మీద, అంటే బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాల మీద, గీతలు పడ్డాయి. పది థౌ, అంటే 0.25 మి.మీ. గ్రైండింగ్ చేసి, దానికి సరిపడా బేరింగులు తెచ్చాం. బేరింగు, క్రాంకు మధ్య ఖాళీ కొలవడానికి ఆకుపచ్చ ప్లాస్టిక్ దారం ఒకటి దొరుకుతుంది. ముక్క కత్తిరించి జర్నల్ మీద అడ్డంగా పెట్టి, క్యాపు బిగించి, మళ్ళీ విప్పితే అది నలిగి పట్టీలా పరుచుకుని ఉంటుంది. ఎంత వెడల్పుగా నలిగితే ఖాళీ అంత తక్కువ. కవరు మీద అచ్చేసిన కొలతతో పోల్చుకోవడమే. ఫ్యాక్టరీలో వేలు పోసి కొన్న మైక్రోమీటర్లతో చేసిన పని ఇక్కడ ఒక దారప్పోగు చేసింది. అన్నీ 0.06 దగ్గర వచ్చాయి. మేస్త్రి దాన్ని కూడా నమ్మలేదు. క్రాంకు బిగించాక ఒంటి చేత్తో తిప్పి చూశాడు. తిరిగింది. అప్పుడు టీ తాగాడు.

కొత్త లైనర్లు దించేటప్పుడు ఒకటి నన్ను చెయ్యమన్నాడు, మూడోది. లైనరు అడుగున రెండు రబ్బరు రింగులుంటాయి, నీళ్ళు కింద ఆయిల్లోకి దిగకుండా. వాటికి సబ్బునీళ్ళు రాసి దించాలి. నేను అన్నీ చదువుకున్నవాణ్ణి కదా, రాశాననే అనుకున్నాను. ఒకదానికి రాసి ఇంకోదానికి మర్చిపోయాను. దిగేటప్పుడు చిన్న పట్టు తగిలింది. చెక్క దిమ్మ పెట్టి ఒక దెబ్బ వేస్తే దిగిపోయింది. చెప్పలేదు.

అదృష్టం ఏమిటంటే మేస్త్రికి ఒక అలవాటుంది. పిస్టన్లు వెయ్యకముందే బ్లాకు నిండా నీళ్ళు పోసి రాత్రంతా వదిలేస్తాడు, కింద పాత దినపత్రిక పరిచి. పొద్దున చూస్తే మూడో సిలిండరు కింద సినిమా పేజీ మీద కంచమంత తడి. మిగతా అయిదింటి కిందా పొడి. లైనరు లాగితే పై రింగు అంచు బ్లేడుతో కోసినట్టు తెగి ఉంది. మేస్త్రి ఆ రింగుని నా వేలికి తొడిగినట్టు పెట్టి "పెళ్ళయిపోయింది" అన్నాడు. షెడ్డులో ఉన్న కుర్రాళ్ళు ఇప్పటికీ నన్ను మూడో నంబరు అల్లుడనే పిలుస్తారు.

మే మధ్యలో స్లిప్‌వే మీద మా వంతు వచ్చింది. బంద్‌లో అందరూ బోట్లు ఎక్కిస్తారు, వరుస పెద్దది. అడుగున పట్టిన గుల్లలు, నాచు గోకి, చెక్కల సందుల్లో దూది కొట్టి, రంగు వెయ్యాలి. గోకితే రెండు గోనెసంచులు పైన వచ్చాయి. ఇంజన్ లాగలేకపోయిన బరువులో ఇదెంతో ఎవరు చెప్పగలరు.

బోటుని తోసే ఫ్యాను (ప్రొపెల్లర్) మీద గుల్లలు గోకుతుంటే బొడ్డు దగ్గర అచ్చుకొట్టిన అంకెలు బయటపడ్డాయి: 34×24. అంటే వ్యాసం 34 అంగుళాలు, ఒక చుట్టు తిరిగితే నీళ్ళలో 24 అంగుళాలు ముందుకు పోవాలన్న లెక్క. మా బోటు కాగితాల్లో ఉన్నది 34×22. అయిదేళ్ళ కింద ఏదో మొద్దు తగిలి ఒక రెక్క విరిగితే నాన్న మార్పించిన ఫ్యాను ఇది. బిగించింది మన మేస్త్రే.

"రెండంగుళాలకి ఏటవుద్ది" అన్నాడాయన. "పెద్ద ఫ్యాను పెద్ద అడుగేస్తది. బోటు అందుకే ఈమాత్రమైనా నడుస్తంది."

నాకు అక్కడే అనుమానం పట్టుకుంది. ఇంజన్ అరగడం వల్ల 1,550 దగ్గర ఆగిపోతోందా, లేక అయిదేళ్ళుగా మొయ్యలేని ఫ్యాను తిప్పి తిప్పి అరిగిందా? లారీని టాప్ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కిస్తే ఏమవుతుందో అదే. ఆర్పీఎం ఎక్కదు, డీజిల్ పోస్తూనే ఉంటుంది, అది పూర్తిగా కాలదు, నల్లపొగ, వేడి. రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. ఇంజన్ 2,000 తిరిగితే గేర్‌బాక్సు తర్వాత షాఫ్టు 667. దాన్ని 22 అంగుళాలతో గుణించి 1,215తో (ఒక నాటు వేగమంటే నిమిషానికి అన్ని అంగుళాలు) భాగిస్తే సుమారు 12 నాట్లు. ఫ్యాను నీళ్ళలో జారిపోయేది మూడోవంతు పైనే ఉంటుంది, అది తీసేస్తే ఏడున్నర, ఎనిమిది మధ్య. మాకు కావలసింది అదే.

అంతకుమించి ఈ బోటు పోదు కూడా. ఇది నాకు నచ్చని నిజం. నీళ్ళను చీల్చుకుంటూ పోయే బరువైన బోటు ముందు ఒక అల, వెనక ఒక అల లేపుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతుంది. అది బోటు పొడవంత అయ్యాక బోటు తన అలని తానే ఎక్కాల్సి వస్తుంది, ఎప్పటికీ తరగని గట్టు. నీళ్ళలో మునిగే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. మాకు ఆ పొడవు 38 అడుగులు, హద్దు ఎనిమిదింపావు. నా 130 గుర్రాల్లో ముప్పై ఆ గట్టు దగ్గరే చచ్చిపోయేవి.

మేస్త్రి, నేను రెండు రోజులు మాట్లాడుకోలేదు. నాన్న "మీరిద్దరూ కొట్టుకోకండి, కొలిపిద్దాం" అని ఫ్యాను విప్పించి షాపుకి పంపాడు. అక్కడ రెక్క రెక్కకీ గేజ్ పెట్టారు. ఒకటి 24, ఇంకోటి 24, మూడోది పాతికకి దగ్గర. మేస్త్రి ఏమీ అనలేదు. ఆ రోజు అందరి టీ డబ్బులూ ఆయనే ఇచ్చాడు, నేను చూడటం అదే మొదటిసారి. రెక్కలు వేడిచేసి, కొట్టి, మూడింటినీ 22కి తెచ్చి, బ్యాలెన్సు చేసి ఇచ్చారు.

ఇక నా రెండో తప్పు. ఇది చెప్పకుండా కూడా ఉండొచ్చు.

డీజిల్ పంపు, నాజిళ్ళు క్యాలిబ్రేషన్‌కి తీసుకెళ్ళింది నేనే. బెంచి మీద పంపు తిప్పి ఆరు గాజు గొట్టాల్లో పడే డీజిల్ సమానంగా ఉందో లేదో చూస్తారు. మా దాంట్లో నాలుగో గొట్టం మిగతావాటికంటే బాగా కిందుంది. అన్నీ సమానం చేశాక, "కొంచెం పెంచు అన్నా" అన్నాను. "ఎంత?" అన్నాడు. "పది పన్నెండు శాతం." అతను నా ముఖం చూసి, పెంచి, సీలు వేసి ఇచ్చాడు. టర్బో లేకపోయినా నాలో టర్బో చావలేదు మరి.

జూన్ 9న బోటుని జెట్టీకి నాలుగు తాళ్ళతో కట్టి ఇంజన్‌కి లోడు పెట్టాం. బంద్‌లో బయటికి పోలేం కాబట్టి అదే పరీక్ష. మొదటి అరగంట బంగారం. శబ్దం చదునుగా, పొగ లేకుండా, ఆయిల్ ప్రెషరు కదలకుండా ఉంది. లీవరు ముందుకి తోశాక సైలెన్సరులోంచి నల్లగా మొదలైంది. 80 దగ్గరున్న టెంపరేచరు ముల్లు 85, 90, 94. మేస్త్రి లీవరు లాగేసి, జేబురుమాలు తీసి పొగ గొట్టం ముందు పట్టుకున్నాడు. కాటుక పట్టినట్టు మసి. రుమాలు మడిచి నా చేతికిచ్చాడు.

"పంపు వాడికి ఏటి చెప్పినావు?"

చెప్పాను. గాలి పెరగకుండా డీజిల్ పెంచితే పెరిగేది పొగే అని నాకూ తెలుసు, పరీక్షలో రాసినవాణ్ణే. మళ్ళీ పంపు విప్పడం, షాపుకి పరుగు, మామూలు కొలతకి తీసుకురావడం, రెండోసారి టైమింగ్ పెట్టడం. మూడు రోజులు, నాలుగు వేల రూపాయలు. ఆ నాలుగు వేలూ నాన్న నా ఖాతాలో రాశాడు. మొత్తం పనికి అయినది రెండు లక్షల అరవై వేలు.

జూన్ 14 రాత్రి బోటుకి పసుపు, కుంకుమ, పూలు, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ. అర్ధరాత్రి దాటగానే హార్బరంతా ఒకేసారి ఇంజన్ల మోత. డాల్ఫిన్ నోస్ కొండ దాటాక ఒక్కో బోటూ వేగం అందుకుంది. మేము మాత్రం 1,600. కొత్త రింగులు, లైనర్లు ఒకదానికొకటి కుదిరేదాకా, మొదటి 50 గంటలు అంతకు మించొద్దని మేస్త్రి ఆజ్ఞ. ఊరికే ఐడిల్‌లో ఉంచినా రింగులు కుదరవు, ఒక్కసారి తోసినా పాడవుతాయి, మధ్యలో లోడు మార్చుకుంటూ నడపాలి. 1,600 దగ్గర 6.3 నాట్లు.

ఆ పాత బోటు మళ్ళీ మమ్మల్ని దాటింది. ఆ కుర్రాడే. తాడు ఎత్తి ఊపాడు.

"లక్షలు పోసి ఇంజన్ చేయించినావు కదా అల్లుడూ" అన్నాడు మావయ్య. అప్పుడు సముద్రంలో దూకుదామనిపించింది. కానీ ఆ రాత్రి డీజిల్ కొలిస్తే గంటకు పది లీటర్లు తాగింది. పాత రోజుల్లో ఇదే వేగానికి, ఇంకాస్త తక్కువకే, పదమూడు. ప్రభుత్వం డీజిల్ మీద రాయితీ ఇచ్చినా పన్నెండు రోజుల ట్రిప్పులో ఈ తేడా చిన్నది కాదు. వల లాగేటప్పుడు కూడా ఇంజన్ మూలగడం మానేసింది.

యాభై గంటలయ్యాక రేవులో ఆయిల్ మార్చి, హెడ్ బోల్టులు మళ్ళీ టార్క్ చేసి, ట్యాపెట్లు సరిచేశాం. రెండో ట్రిప్పులో, గాలి లేని ఒక తెల్లవారుజామున లీవరు పూర్తిగా తోశాను. 1,950. ఉత్తరానికి ఒక మైలు పోతే 8.0, వెనక్కి తిరిగి అదే మైలు పోతే 7.4. ప్రవాహం ఒకవైపు సాయం, ఒకవైపు ఎదురు, సగటు 7.7. వెనక్కి తిరిగాక నాన్న ఫోన్‌లో డీజిల్ లెక్క అడిగాడు. గంటకు పదిహేడు లీటర్లు. నాటున్నర కూడా లేని వేగానికి అదనంగా ఏడు లీటర్లు. శక్తి వేగంతో పాటు పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. ఆ అల గట్టు దగ్గర పడేకొద్దీ ఇంకా నిలువుగా లేస్తుంది.

అందుకని నాన్న లీవరు పక్కన 1,700 దగ్గర ఎర్ర పెయింటుతో గీత గీయించాడు. వేలానికి తొందరున్న రోజు, వాతావరణం తిరగబడిన రోజు తప్ప దాన్ని దాటొద్దు. మావయ్య సరేనన్నాడు.

ఆగస్టులో జింకు ముక్కలు చూద్దామని బోటెక్కాను. గీతకి రెండంగుళాల పైన, లీవరు చివరిదాకా పోయి ఆగే చోట, గ్రీజు వేలిముద్రలు ఒకదానిమీద ఒకటి నల్లగా పేరుకున్నాయి. మావయ్యని అడిగితే కలాసీ కుర్రాళ్ళ పని అన్నాడు. వెనక డెక్కు మీద తాడు చుట్ట ఒకటి కొత్తగా కనిపించింది, చేతికందే ఎత్తులో మేకుకి తగిలించి ఉంది. అదెందుకని అడిగాను. దానికి మాత్రం జవాబు చెప్పలేదు.